గిన్నెల పోలీసు

హస్తాలు ఎనిమిది వెళితే ఏడే తిరిగొచ్చాయి.

సోమవారం పొద్దున్నే చిన్నమ్మలు సంఘం హాలు అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, ముందురోజు గంగాభవాని కొడుకు పెళ్ళికి వెళ్ళొచ్చిన వంట సామాను ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. డేగిసాలు ఐదూ ఉన్నాయి. ఒకదానికి అడుగున కొత్త సొట్ట పడింది. సాంబారు బకెట్లు ఆరూ వచ్చాయి. అన్నం వడ్డించే హస్తం మాత్రం ఒకటి తగ్గింది. ఆమె గోనె దులిపింది, డేగిసాల్లో చెయ్యి పెట్టి వెతికింది, తన వెనక్కి కూడా చూసుకుంది.

"ఎనిమిదోదాన్ని పెళ్ళికొడుకు అత్తారింటికి పట్టుకెళ్ళేడంటావా?" అంది, లోపల కుట్టుమిషను మీద ఉన్న సలోమితో.

"పోనీ వదినా, ఒక్క హస్తం కోసం..." అంది సలోమి, దారం కొరుకుతూ.

ఒక్క హస్తమే. ఆ మాటంటే చిన్నమ్మలుకు ఒళ్ళు మండుతుంది. కొబ్బరి వలుపు కార్మికుల సంఘం హాలు తాళంచెవి ముప్పై ఏళ్ళకు పైగా ఆమె కొంగుకే ఉంది. ఫంక్షన్ హాళ్ళకు పోలేని వాళ్ళ పెళ్ళిళ్ళూ, సంవత్సరీకాలూ, తుఫానొస్తే లంకల్లోంచి వచ్చినవాళ్ళ పడకలూ అన్నీ ఇక్కడే. పెళ్ళి చేసుకున్నవాళ్ళు వెళ్తూ ఏదో ఒక గిన్నె మీద హాలు పేరు, తమ పేరు, తేదీ కొట్టించి ఇచ్చి వెళ్ళడం మొదటినుంచీ ఆనవాయితీ. ఆ గిన్నెల్ని అరువు పట్టుకెళ్ళి మర్చిపోవడం కూడా అంతే పాత ఆనవాయితీ. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి గరిటెలు అడిగే చిన్నమ్మలును చూస్తే, వీధిలో ఆడవాళ్ళు "గిన్నెల పోలీసు వస్తోందర్రా" అని ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకునేవారు. ఆమెకు ఆ పేరు తెలుసు. లోలోపల కొంచెం గర్వం కూడాను.

మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ చూసే సురేంద్ర మోటార్ సైకిల్ దిగి అరుగు దగ్గరకొచ్చాడు. ఒక చేతిలో జిగురు డబ్బా, ఇంకో చేతిలో చుట్టిన కాగితం ఉన్నాయి.

"పిన్నిగారూ, కొంచెం పక్కకి జరుగుతారా అండీ."

కూర్చోడానికి చోటడుగుతున్నాడనుకుని ఆమె డేగిసాలు జరిపింది. అతను కూర్చోలేదు. చెప్పులు విడిచి అరుగెక్కి, తలుపు మీద జిగురు రాసి కాగితం అంటించాడు. నాలుగు మూలలూ అరచేత్తో అదిమాడు. ఫోనుతో దానికి ఫొటో తీసి, ఆమె మొహం చూడకుండానే "వస్తానండి" అని వెళ్ళిపోయాడు.

సలోమి కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది. పాత మార్కెట్ సెంటరు అభివృద్ధి పథకంలో ఇక్కడ షాపింగ్ కాంప్లెక్సు, కారు పార్కింగు వస్తున్నాయి. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది సర్వే ప్రకారం ఈ స్థలం ఖాళీ. కాబట్టి భవనం ఆక్రమణ. అంతకు ముందునుంచీ సంఘం ఇక్కడ ఉన్నట్టు రుజువులుంటే గురువారం పదకొండు గంటలకు కమిషనరు ముందు చూపించాలి. లేదంటే శుక్రవారం తొలగిస్తారు.

"ఖాళీయేంటి? తుఫానుకి కప్పు ఎగిరిపోతే టార్పాలిను కట్టుకుని ఉన్నాం కదా ఇక్కడే!" అంది చిన్నమ్మలు. సలోమితో కాదు, ఆ కాగితంతోనే అంది.

సాయంత్రానికి సంఘం అధ్యక్షుడు అప్పలస్వామి వచ్చాడు. ఆయన వెనకే పాతికమంది చేరారు. డెబ్భై దాటిన అప్పలస్వామికి ఇప్పటికీ కాయ వలిచే చేతులే, వేళ్ళు పూర్తిగా చాపుకోవు. బీరువా తొంభై ఆరు తుఫానులో మునిగి కాగితాలన్నీ ముద్దయిపోయాయని ఆయన గుర్తుచేశాడు. కరెంటు బిల్లు చూద్దామంటే మీటరు వచ్చిందే ఆ తర్వాతెప్పుడో స్లాబు వేశాక. పెళ్ళి ఫొటోలున్నాయి గానీ వాటిలో వధూవరుల వెనక పూలతెర తప్ప గోడైనా కనపడదు. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు కొట్టేస్తుంటే గొంతులు తగ్గుతూ వచ్చాయి.

అప్పుడు అప్పలస్వామి తొడ మీద చరుచుకున్నాడు.

"గుండిగలు! ప్రారంభోత్సవానికి ఇచ్చిన ఇత్తడి గుండిగలు మూడున్నాయి కదరా! మెడ మీద హాలు పేరు, సెంటరు పేరు, ఎనభై ఎనిమిదో సంవత్సరం, అన్నీ కొట్టించేం. తుఫానుక్కూడా కదల్లేదవి. ఉన్నాయి కదా చిన్నమ్మలూ?"

అందరి మొహాలూ ఆమె వైపు తిరిగాయి.

"ఉన్నాయి బాబాయిగారూ," అంది చిన్నమ్మలు.

లేవు. ఆరేళ్ళ క్రితం ఆమే వాటిని హరిబాబు పాత్రల కొట్లో ఇచ్చేసి సిల్వరు డేగిసాలు తెచ్చింది. కళాయి పూసేవాళ్ళు ఊళ్ళోకి రావడం మానేశారు, గుండిగ ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి, వంటవాళ్ళు విసుక్కునేవారు. డేగిసాలు తేలికగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు కూడా. ఎక్కడివని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒక్క గరిటె కోసం మనుషుల్ని వీధిలో నిలబెట్టి అడిగిన నోటితో ఇప్పుడు ఆ మాట ఎలా చెప్పడం?

మంగళవారం కొట్టు తెరవకముందే హరిబాబు షాపు మెట్ల మీద కూర్చుంది.

"గుండిగలా!" అన్నాడు హరిబాబు షట్టరు లేపుతూ. "రెండు అప్పుడే కరగడానికెళ్ళిపోయేయండి. మూడోది బాగుందని దిండిలో రిసార్టు వాళ్ళు తీసుకున్నారు. ఇప్పటికీ ఉందో లేదో మరి. ఏమండీ, ఏం వచ్చిందిప్పుడు?"

"ఏం లేదు బాబూ," అని ఆమె లేచింది.

రాజోలు బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో దిండి చేరేసరికి పదకొండయింది. రిసార్టు ముందు హౌస్‌బోట్లు వరసగా కట్టి ఉన్నాయి. గేటు దగ్గర మనిషి ఆపితే, "పని మీదొచ్చేను బాబూ, మా గుండిగ మీ దగ్గరుందంట," అంది. అతను నవ్వి లోపలికి పంపించాడు.

గుండిగ రిసార్టు హాల్లో మధ్యనే ఉంది. మూతి దాకా నీళ్ళు పోసి బంతిపూలు, గులాబీ రేకులు వేశారు. అద్దంలా మెరుస్తోంది. అయినా ఆమె దూరంనుంచే పోల్చింది. రిక్షా మీంచి జారి పడినప్పుడు పొట్ట మీద పడిన నొక్కు అలాగే ఉంది. ఎవరినీ అడక్కుండా దాని పక్కన గొంతుక్కూర్చుంది. బయట మసి పడుతుందని పేరు మెడ లోపలివైపు కొట్టించారు. చీర చెంగు దోపుకుని, పూలు పక్కకి తోసి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి మెడ చుట్టూ వేళ్ళతో తడిమింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆ అక్షరాలు ఆమెకు కళ్ళకన్నా వేళ్ళకే ఎక్కువ తెలుసు. బూడిద, చింతపండు వేసి ఎన్నిసార్లు తోమిందో.

ఏమీ తగల్లేదు. మళ్ళీ మొదటినుంచి తడిమింది. గాజుగిన్నెలా నున్నగా ఉంది.

"ఏమ్మా, ఏమైనా పడిపోయిందాండీ?" మేనేజరు ప్రవీణ్ కుమార్ దగ్గరకొచ్చాడు.

"దీని మీద రాతలుండాలి బాబూ."

"ఓ, అవాండీ? కొన్నప్పుడే మెషీను మీద పాలిష్ పట్టించేమండి, లోపలా బయటా. ఏవో గీతలు గీతలుగా ఉంటే బాగోదని." అతను మర్యాదస్తుడు. ఆమె మొహం చూసి టీ తెప్పించాడు, తువ్వాలు కూడా ఇప్పించాడు. చిన్నమ్మలు టీ ముట్టుకోలేదు. చెయ్యి తుడుచుకుని వచ్చేసింది.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. తుఫాను తీసుకెళ్ళలేనిదాన్ని తను తీసుకెళ్ళి ఇచ్చేసింది. పైగా ఉన్నాయని చెప్పింది. ఆ అబద్ధాన్ని నమ్మి అప్పలస్వామి ఇంకో రుజువు కోసం వెతకడం మానేసి ఉంటాడు. ఒక రోజంతా పోయింది.

బుధవారం పొద్దున్న ఆమే అందర్నీ పిలిపించింది. గుండిగల్ని తోమి సిద్ధం చేయడానికనుకుని ఇద్దరు ఆడవాళ్ళు చింతపండు కూడా తెచ్చారు. చిన్నమ్మలు అరుగు మీద కూర్చోలేదు, కింద నిలబడింది.

"గుండిగలు లేవు. ఆరేళ్ళ కిందట నేనే మార్చేసేను. మొన్న అబద్ధం చెప్పేను. నిన్న దిండి వెళ్ళి చూసొచ్చేను, ఒకటుంది గానీ దాని మీద పేరు చెరిపేసేరు." గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "తప్పు నాదే."

అప్పలస్వామి మెల్లిగా మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత శాంతి ముందుకొచ్చింది. పెళ్ళయి ఈ వీధికొచ్చి పదేళ్ళయిన పిల్ల, నోరు కొంచెం చురుకు.

"మా అత్తని ఒక్క గరిటె కోసం నెల్లాళ్ళు గుమ్మంలో నుంచుని అడిగేరండి మీరు. ఆవిడ అన్నం మానేసి ఏడ్చింది. మీరు మాత్రం గుండిగలే ఇచ్చేసేరా?"

"అవునమ్మా," అంది చిన్నమ్మలు.

చింతపండు తెచ్చినవాళ్ళు దాన్ని కాగితంలో మళ్ళీ చుట్టుకున్నారు. ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. అప్పలస్వామి కూడా కర్ర పట్టుకుని లేచాడు. తిట్టి ఉంటే బాగుండునని చిన్నమ్మలుకు అనిపించింది. చీపురు తీసుకుని హాలు ఊడ్చింది. శుక్రవారం పడగొట్టే హాలును మూలమూలలా ఊడ్చింది. చేతులు ఊరుకోలేదు మరి.

గంట తర్వాత సలోమి వచ్చింది. ఏదో చెంగు కింద దాచుకుంది.

"వదినా, తిట్టకు," అని చెంగు తీసింది. అన్నం వార్చే చిల్లుల సిబ్బి. అంచు అరిగిపోయింది. "మా అక్క పెళ్ళికి పట్టుకెళ్ళేం."

చిన్నమ్మలు నడుం మీద చెయ్యి వేసుకుంది. "నీ దగ్గరే ఉందా! బైబిలు మీద చెయ్యేసి లేదన్నావు కదే నా మొహం మీద!"

"మొదట మర్చిపోయేం. రెండో ఏడు ఇద్దామనుకుంటే సిగ్గేసింది. పదో ఏడు ఇంకెలా ఇస్తాం? నేను కువైట్ వెళ్ళినా అమ్మ దాంతోనే వార్చేది. ఇప్పుడు నువ్వు అందరి ముందూ చెప్పేసేవు. నేను ఇంట్లో కూచుని అన్నం వార్చలేకపోయేను."

చిన్నమ్మలు సిబ్బిని అలవాటుగా వెనక్కి తిప్పింది, సొట్టలు చూడ్డానికి. చుక్కల అక్షరాలు కనపడ్డాయి. కొబ్బరి వలుపు కార్మికుల సంఘం హాలు, పాత మార్కెట్ సెంటరు, పన్నెండు ఐదు పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది. సిబ్బిని వెలుగులోకి పెట్టి, ఆ తేదీని వేలితో రెండుసార్లు రుద్దింది.

"సలోమీ," అంది. "ఇంకెవరెవరి దగ్గరున్నాయో నీకు తెలుసా?"

"నాకెందుకు తెలుస్తాయి? అందరికన్నా నీకే కదా తెలుసు!"

నిజమే. ముప్పై ఏళ్ళ బాకీ గిన్నెలన్నీ ఆమె నాలుక మీదే ఉన్నాయి, ఇంటి పేర్లతో సహా. ఆ మధ్యాహ్నం గిన్నెల పోలీసు మళ్ళీ వీధిలోకి దిగింది. ఆమెను చూసి ఇద్దరు తలుపులు వేసుకున్నారు కూడా. వేసిన తలుపు ముందే నిలబడి చెప్పింది: "అమ్మా, నేను అడగను, తిట్టను. పాతదేవైనా ఉంటే దాని మీద తేదీ కావాలి. అంతే."

మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక దొడ్లోంచి కోళ్ళు నీళ్ళు తాగే బేసిన్ వచ్చింది. ఇంకో ఇంట్లో క్రోటను మొక్క ఉన్న బకెట్లోంచి మట్టి దులిపి ఇచ్చారు. బియ్యం డబ్బాలోంచి గిద్ద, అటక మీంచి పళ్ళెం, పిండివంటల మూకుడు వచ్చాయి. ఇచ్చినవాళ్ళెవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. శాంతి చేతిలో జల్లిగరిటెతో వచ్చి, అందించి, "మా అత్త మంచం కింద పెట్లో ఉందండి," అంది నేల చూస్తూ. చిన్నమ్మలు నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. మింగేసి, "తేదీ చూడమ్మా," అంది.

పొద్దు వాలేసరికి ఇరవై మూడు వస్తువులయ్యాయి. చివరగా అప్పలస్వామి మనవడి ఆటో వచ్చి ఆగింది. దాంట్లోంచి ఆయన ఒక్కడే దిగి, చాపంత వెడల్పు స్టీలు పళ్ళెం నిలబెట్టి పట్టుకుని వచ్చాడు.

"మీరు కూడానా బాబాయిగారూ!" అంది చిన్నమ్మలు.

"మీ పిన్ని వడియాలెండబెట్టేదమ్మా," అన్నాడు సంఘం అధ్యక్షుడు.

గురువారం పదకొండు గంటలకు కమిషనరు దివ్య గారి గదిలో టేబులు చాలక గిన్నెలు నేల మీద కూడా పరిచారు. ముప్పై దాటని మనిషి ఆమె. మాట కటువుగా లేదు గానీ తొందరగా ఉంది. సురేంద్రను పిలిచి ఒక్కొక్కదాని మీదున్నది చదవమంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని చదువుతూ పోయాడు. ఎనభై తొమ్మిది, తొంభై, తొంభై మూడు, తొంభై అయిదు. పళ్ళెం దగ్గర ఆగాడు.

"ఏముంది?"

"మునిసిపల్ పారిశుధ్య సిబ్బంది బహూకరణ. కొబ్బరి వలుపు కార్మికుల సంఘం హాలు, పాత మార్కెట్ సెంటరు. రెండు పది తొంభై ఒకటి అండి."

"మన సిబ్బందా?" దివ్య కుర్చీలో ముందుకు వంగింది. పళ్ళెం తెప్పించుకుని స్వయంగా చదివింది. తర్వాత పెన్ను కింద పెట్టింది. "చూడండి. అక్షరాలు నిన్న కూడా కొట్టించవచ్చు. ఇవన్నీ ఇన్నాళ్ళూ హాల్లోనే ఉన్నాయా?"

అవునంటే సరిపోతుందేమో. అప్పలస్వామి ఆమె వైపే చూస్తున్నాడు. సోమవారం చెప్పిన అబద్ధం రుచి చిన్నమ్మలుకు ఇంకా నోట్లోనే ఉంది.

"లేదండి. హాల్లో ఉంటే తుఫానుకి పోయేవి, లేదంటే నేనే మార్చేసేదాన్నండి. వీళ్ళందరూ పట్టుకెళ్ళి తిరిగివ్వలేదండి. అందుకే మిగిలేయండి."

గదిలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. దివ్య మాత్రం నవ్వలేదు.

"అయితే ఆ మాటే రాసివ్వాలి. ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు, ఏ పెళ్ళికి, ఆ పెళ్ళి ఎక్కడ జరిగింది, ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదు. సంతకంతో రాసిస్తే అది సాక్ష్యం. ఫైల్లో ఉండిపోతుంది, ఆలోచించుకోండి."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గిన్నె తెచ్చివ్వడం వేరు, హాలు గిన్నె దాచుకున్నామని గవర్నమెంటు కాగితం మీద రాయడం వేరు. బయట ముమ్మిడివరం బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. చిన్నమ్మలు ఎవరినీ అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. తల వంచుకుని సిబ్బి అంచు పట్టుకుని నిలబడింది. ఒక్కళ్ళు కూడా రాకపోతే రేపు పొద్దున్న ఆ అరుగు ఉండదు.

శాంతి ముందుకొచ్చింది. "మా అత్త నడవలేదండి. ఆవిడ పేరు మీద నేను రాయొచ్చాండీ?"

"ఆవిడ చెప్తే మా మనిషి ఇంటికొచ్చి రాసుకుంటాడు."

"చెప్తుందండి. నేను చెప్పిస్తానండి. మా ఆడపడుచు పెళ్ళి, తొంభై మూడు మే నెల. ఆ హాల్లోనే."

"మాది తొంభై రెండండి," అంది సలోమి. "నాదిప్పుడే రాసుకోండి."

ఆ తర్వాత వరస కట్టారు. సురేంద్ర రాసుకుంటూంటే పెళ్ళిళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ గదిలోకి వచ్చాయి. ఎవరి పెళ్ళికి వాన పడింది, ఎవరి పెళ్ళిలో తాటాకు పందిరి అంటుకోబోయింది, ఎవరికి సాంబారు చాలలేదు. ఎందుకివ్వలేదన్న చోట మాత్రం అందరూ ఒక్కటే రాయించారు: సిగ్గుపడి. అప్పలస్వామి వంకరవేళ్ళతో సంతకం చేయడానికి అందరికన్నా ఎక్కువసేపు పట్టింది.

దివ్య చివరి కాగితం చదివి ఫైలు మూసింది. "సర్వే మళ్ళీ చేయిస్తాను. రిపోర్టు వచ్చేదాకా భవనం జోలికి ఎవరూ రారు. ఆ తర్వాత సంగతి ఇప్పుడే నేను చెప్పలేను."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు అప్పలస్వామి. గిన్నెలు మోసుకుని బయటికొస్తుంటే సురేంద్ర వరండా దాకా వచ్చి చిన్నమ్మలు పక్కన నడిచాడు.

"పిన్నిగారూ, మా అమ్మ దగ్గర కూడా ఒక మూత ఉందండి. తొంభై నాలుగుది. బయటికి తియ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు."

చిన్నమ్మలు అతని వైపు ఒక్క క్షణం చూసింది. కోపం వచ్చింది, వెంటనే పోయింది. ఈ వారంలో ధైర్యం చాలనివాళ్ళ గురించి ఆమెకు కొత్తగా తెలియాల్సిందేమీ లేదు. "సర్వేకి వచ్చినప్పుడు తీసుకురా బాబూ," అంది.

హాలు దగ్గర ఆటో దిగాక ఆడవాళ్ళు గిన్నెలన్నీ అరుగు మీద బోర్లించి ఇళ్ళకు బయల్దేరారు. బరువు దిగిపోయినట్టు అందరి నడకా తేలికైంది. చిన్నమ్మలు కొంగు ముడి విప్పి సామాను గది తలుపు తీసింది. ముప్పై ఏళ్ళు ఈ గిన్నెల కోసమే అలమర్లో చోటు ఖాళీగా ఉంచింది. సిబ్బి అక్కడ పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. బయటికొచ్చి పిలిచింది.

"ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళిపోండి."

"ఏంటి?" అంది సలోమి.

"ఇక్కడుంటే ఇంకో తుఫానొస్తుంది. లేకపోతే నాలాంటిదే ఇంకొకతి వచ్చి డేగిసాలకి మార్చేస్తుంది. మీ ఇళ్ళల్లోనే ఉండనివ్వండి. పాలిష్ మాత్రం పట్టించకండి."

"మళ్ళీ ఇమ్మని గుమ్మంలోకొచ్చి నుంచోవు కదా?"

"వస్తాను. ఉందో లేదో చూసుకుని వెళ్తాను," అని సిబ్బి ఆమె చేతిలో పెట్టింది.

శుక్రవారం పొద్దున్న పడగొట్టేవాళ్ళెవరూ రాలేదు. పాల కోసం వెళ్తూ చిన్నమ్మలు గంగాభవాని ఇంటి ముందునుంచి నడిచింది. దొడ్లో తోమిన గిన్నెల మధ్య హాలు హస్తం ఎండకు మెరుస్తోంది, ఎనిమిదోది. ఆమెను చూడగానే గంగాభవాని గబుక్కున దాని మీద తడి తువ్వాలు పడేసి నిటారుగా నిలబడింది. చిన్నమ్మలు ఆగింది. కాళ్ళు అలవాటుగా గుమ్మం వైపు తిరిగాయి.

"కొత్త కోడలు బాగుందా వదినగారూ?" అని అడిగింది.

"బాగుందండి," అంది గంగాభవాని, తువ్వాలు మీంచి కళ్ళు తీయకుండా.

"హస్తం మీద తేదీ ఉందిలెండి," అంది చిన్నమ్మలు, పాలగిన్నె చంకలోకి సర్దుకుని ముందుకు నడిచింది.